పూసల చెట్టుకు తగిలిన దిష్టి

పంపు కడగడం రానివాడు వ్యవసాయం మానేసి కిరాణా కొట్టు పెట్టుకోవాలి. ఈ మాట ఎవరిదని సిరోంచలో ఎవరినడిగినా గణపతి పేరే చెబుతారు. ప్రాణహిత ఒడ్డున వరి చేసే గణపతికి పొలంలో మందు కొట్టే ఆ పంపంటే ఎంత శ్రద్ధ అంటే, కన్నకూతురికైనా అంత ఓపికగా తల దువ్వి ఉండడు. గడ్డిమందు కొట్టిన రోజైతే మరీను. సర్ఫు నీళ్లతో ఒకసారి, ఉత్త నీళ్లతో ఇంకోసారి కడిగి, గొట్టంలోంచి కూడా నీళ్లు చిమ్మించి, మూత తీసి ఎండలో బోర్లించేవాడు. గడ్డిమందు సంగతి అలాంటిది. వరికి దానివల్ల ఏమీ కాదు. కానీ దాని చుక్క మిగిలిన పంపుతో వెడల్పాకు మొక్కల మీద ఏం కొట్టినా వాటి పని ఖతం. చిగుళ్లు మెలితిరిగిపోతాయి, ఆకులు దొప్పల్లా ముడుచుకుంటాయి. మూడేళ్ల కింద సాంబన్న పత్తి అలాగే పోయింది. వరసకు బావ అని కూడా చూడకుండా, పదిమందిలో చేనుగట్టు మీద నిలబెట్టి గణపతి పెట్టిన చీవాట్లు ఇంతా అంతా కాదు. పాపం సాంబన్న ఆ రోజు తలెత్తలేదు.

అలాంటి గణపతే పంపు కడగలేదంటే నమ్ముతారా?

కారణం లేకపోలేదు. గట్ల మీద గడ్డిమందు కొడుతున్న రోజే ఇంటి నుంచి ఫోనొచ్చింది. కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు ఉమారాణికి నొప్పులు మొదలయ్యాయట. పంపును ఉన్నదున్నట్టు బండి మీద కట్టుకుని ఇంటికొచ్చి, కొట్టంలో ఓ మూలకు పడేసి, దవాఖానకు పరుగెత్తాడు. ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇక మిఠాయిలు పంచడం, వచ్చేపోయే చుట్టాలకు చాయలు పోయించడం, మనవరాలి ముక్కు ఎవరి పోలికో తేల్చుకోలేక భార్య గంగక్కతో పోట్లాడటం. ఆ సంబరంలో పంపు ఎవరికి గుర్తుంటుంది?

ఎదురింటి మధులత మరాఠీ బడిలో టీచరు. పుట్టిల్లు నాగేపల్లి. భర్త సుధాకర్‌కు తహసీలు ఆఫీసులో పని. ఈ అమ్మాయికి మొక్కల పిచ్చి. మంచిర్యాల నర్సరీలో డురాంటా అనే మొక్కను చూసి మనసు పారేసుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి గేటు పక్కన నాటింది. ఊదారంగు పూలు పూస్తుంది, పూల వెనకాలే పసుపుపచ్చ కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడతాయి అని నర్సరీవాడు ఊరించి పంపాడు. మొదటి ఏడు ఒక్క కాయ లేదు. రెండో ఏడూ అంతే. చెట్టు ముద్దుగా ఉండాలని ఆమె నెలనెలా కత్తెర పట్టుకుని గుండ్రంగా కత్తిరించేది. కొత్త కొమ్మల చివర్లకే పూలొస్తాయనీ, సరిగ్గా ఆ చివర్లనే తను కోసి పారేస్తున్నదనీ ఆలస్యంగా తెలిసింది. మూడో ఏడు కత్తెర దాచేసింది. వానలకు చెట్టు ఇష్టారాజ్యంగా పెరిగి కొమ్మలు వంగాయి. పూలు విరగబూశాయి. వినాయక చవితి దాటేసరికి గేటు మీదికి బంగారు పూసల గుత్తులు దిగాయి.

గల్లీ అంతా దానికి పూసల చెట్టు అని పేరు పెట్టేసింది. మధులత రోజుకో ఫొటో తీసి ఫోన్లో స్టేటస్ పెట్టేది. పిల్లలు చేయి చాపితే, "చూసుడే, తినుడు లేదు, విషం కాయలవి" అని కసిరేది. పికిలిపిట్టలు మాత్రం ఆ పాఠం వినకుండా తిని హాయిగా ఎగిరిపోయేవి.

ఆ చెట్టుకు పిండినల్లి పట్టింది. కొమ్మ గణుపుల దగ్గర తెల్లగా, పిండి అద్దినట్టు.

"కాకా, జర నీ పంపు పట్టుకొని వస్తవా? ఏపనూనె తెచ్చిపెట్టిన" అని మధులత పిలిచింది.

గణపతి కొట్టంలోంచి పంపు తీశాడు. ఒకసారి నీళ్లు పోసి, గిలకరించి పారబోశాడు. వేపనూనె కలిపి, చెట్టును నిలువెల్లా తడిపి వచ్చాడు. పంపుతో కిందటిసారి ఏం కొట్టాడో అతనికి తట్టనే లేదు. మనసంతా ఇంట్లో ఏడుస్తున్న మనవరాలి మీదే ఉంది.

ఆ సాయంత్రమే భీమక్క ఆ దారిన వెళ్లింది.

పసిపిల్లలకు నీళ్లు పోయడం భీమక్క పని. పీట మీద కూర్చుని కాళ్లు చాపుకుని, బిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె పట్టించి, శనగపిండితో నలిచి, గోరువెచ్చని నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ చూపించి గుడ్డలో చుట్టి ఇచ్చిందంటే, ఆ బిడ్డ మళ్లీ ఆకలేసే దాకా కన్ను తెరవదు. సిరోంచలో సగం మంది ఆమె కాళ్ల మీద పెరిగినవాళ్లే. ఉమారాణికి పోసిన చేతులే ఇప్పుడు ఉమారాణి బిడ్డకూ పోస్తున్నాయి. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి. ఏ ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఆ ఇల్లే ఆమె ఇల్లు, అక్కడే చాయ, అక్కడే బువ్వ.

భీమక్క గేటు దగ్గర ఆగిపోయింది. "అవ్వో! ఏం కాసిందమ్మా! మా అమ్మ మెడల గుండ్ల పేరు గిట్లనే ఉంటుండె. కండ్లు తిప్పుకోబుద్ధి అయితలేదు" అంటూ ఒక గుత్తిని అరచేతిలోకి తీసుకుని మురిసిపోయి, తన దారిన తను పోయింది. పిల్లల దగ్గరైతే వెంటనే తూ తూ అని ఉమ్మేది. చెట్టే కదా అనుకుంది.

మూడో నాటికి మధులత కేక గల్లీ చివరిదాకా వినిపించింది. "కాకా, జల్ది రా!"

గణపతి వెళ్లి చూశాడు. ఒక్క చూపు చాలింది. చిగుళ్లు తాడు పేనినట్టు మెలితిరిగాయి. ఆకులు దొప్పలైపోయాయి. గేటు కింద నేలంతా పూసలు. అచ్చం సాంబన్న పత్తి! కొట్టం, మూలకు పడేసిన పంపు, గట్ల మీద గడ్డిమందు, దవాఖాన, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చెప్పేద్దామని నోరు తెరిచాడు. అతను మాట కూడదీసుకునే లోపే మధులత అంది.

"భీమవ్వ కండ్లే కాకా. మొన్ననే గీడ నిలవడి గుత్తి పట్టుకొని, కండ్లు తిప్పుకోబుద్ధి అయితలేదన్నది. నేనే విన్న."

పక్కింటి పోశమ్మ అందుకుంది. "పొద్దుగాల మిరపకాయలు దిగదీసి నిప్పుల ఏసినం గణపతీ. జర ఘాటు లేదు, ఒక్క దగ్గు లేదు. గంత దిష్టి ఉన్నదన్నట్టు." ఆ మిరపకాయలు పోయినేటివి, బూజు పట్టి ఘాటు చచ్చినవి. ఆ సంగతి ఎవరికి కావాలి!

ఉన్నమాట చెప్పాలంటే, ఆ క్షణంలో గణపతికి హాయిగా అనిపించింది. తప్పు ఇంకొకరి ఇంటికి తనంతట తనే నడిచి వెళ్లిపోతుంటే ఆపడానికి చెయ్యి రాలేదు. సాంబన్న ముఖం, చేనుగట్టు, తను అన్న మాటలు కళ్ల ముందు తిరిగాయి. సరే, పిరికితనం ఎవరికి లేదు, ఊరుకున్నా సరిపోయేది. ఊరుకున్నాడా? తల పంకించి మరీ, "నరుని కంటికి నల్లరాయి పలుగుతదంటరు మరి" అన్నాడు.

ఎవరడిగారయ్యా నిన్ను ఆ మాట?

పెద్దమనిషి మాట కదా, రాయి మీద గీతైపోయింది. మధులత ఆ పూటే స్టేటస్ పెట్టింది. పైన పూసలతో మెరుస్తున్న చెట్టు, కింద ముడుచుకుపోయిన చెట్టు, మధ్యలో ఏడుస్తున్న బొమ్మలు. భీమక్క పేరు రాయలేదు. రాయనవసరం లేకపోయింది, ఊరికి తెలిసిపోయింది. వారం తిరగకుండానే, పిల్లాడు ఊరికే ఏడుస్తున్నాడని ఒక ఇంట్లో, విరేచనాలని ఇంకో ఇంట్లో, భీమక్కను రావద్దన్నారు. చెట్టునే చంపిన కళ్లు పసిగుడ్డును వదులుతాయా అని పోశమ్మ నల్లా దగ్గర అంటుంటే గణపతి బిందె సగం నిండకుండానే ఎత్తుకుని వచ్చేశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే స్థితి అతనిది. భీమక్క పేరు ఎక్కడ వినబడినా చెవులు వేడెక్కేవి.

ఆఖరికి అది అతని గడపలోకే వచ్చింది. ఒక పొద్దున భీమక్క ఎప్పటిలాగే కొంగు నడుముకు చెక్కుకుని వస్తే, గంగక్క వాకిట్లోనే అడ్డం నిలబడింది.

"ఇయ్యాల్టి సంది మేమే పోసుకుంటం వదినే. నువ్వు పరేషాన్ కాకు."

భీమక్క అర్థం కానట్టు చూసింది. ఆమె చూపు గంగక్క భుజం మీదుగా అరుగు మీద కూర్చున్న గణపతి మీదికి వచ్చింది. గణపతి వంగి చెప్పు సరిచేసుకున్నాడు. చెప్పుకు ఏమీ కాలేదు.

"మంచిది మరదలా. పిల్ల పైలం. చెవులల్ల నీళ్లు పోనియ్యకు" అని ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

"అవ్వను ఎందుకు వద్దన్నవే? నాకు పోసిన చేతులు కావా అవి?" అని ఉమారాణి తల్లి మీద లేచింది.

"దిష్టి గిష్టి ఏం లేదు గంగా, రమ్మను" అన్నాడు గణపతి.

"ఆహా! మొన్న నల్లరాయి పలుగుతదన్నది ఎవలు? ఊళ్లె చెట్టుకు ఒక నీతి, నా మనవరాలికి ఒక నీతా?"

తేలు కుట్టిన దొంగకు కేక వేసే హక్కు కూడా లేదు. ఆ పూట నుంచే గంగక్క నీళ్లు పోయడం మొదలెట్టింది. ఆమెకు ఆ ఒడుపు లేదు. బిడ్డ జారిపోతుందేమోనని బిగించి పట్టుకునేది, బిడ్డ నీలమయ్యేదాకా ఏడ్చేది. ఆ ఏడుపు వింటూ గణపతి అరుగు మీద చాయ ముందు పెట్టుకుని కూర్చునేవాడు. చాయ చల్లారిపోయేది.

తప్పు ఒప్పుకోవడం తప్ప మిగతావన్నీ చేశాడు. మంచిర్యాల బస్సెక్కి, నర్సరీలో డురాంటా మొక్క వెతికి, ఒళ్లో పెట్టుకుని తెచ్చి మధులత గేటు ముందు దించాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దేవుడసుంటోనివి కాకా. నా కోసం గంత దూరం పోయొచ్చినవా? గని ఇప్పుడే పెట్ట. ఆమె గీ గల్లీల తిరుగుడు బంద్ అయినంక పెడుత."

దేవుడు అన్న మాట గణపతికి చెంపదెబ్బలా తగిలింది. గబగబా ఇంటికొచ్చేశాడు. తెచ్చిన మొక్క కవరులోనే గేటు పక్కన ఉండిపోయింది.

తర్వాత ఒకనాడు కిరాణా కొట్టు దగ్గర భీమక్కను చూశాడు. చక్కెర పొట్లం అందుకుంటోంది. అప్పుడే ఒకామె చంకలో పిల్లాడితో కొట్టు మెట్టెక్కింది. ఆమె ఏమీ అనలేదు, పక్కకు కూడా జరగలేదు. భీమక్కే గబుక్కున ముఖం మీదికి కొంగు లాక్కుని గోడ వైపు తిరిగింది. పిల్లాడు వెళ్లిపోయేదాకా అలాగే, తప్పు చేసిన బడిపిల్లలా గోడకు ముఖం పెట్టి నిలబడింది. ఊరు ఆమెను తప్పుపట్టింది సరే. ఆమె కూడా ఒప్పేసుకుంది! ఇలా అవుతుందని అతను ఎన్నడూ అనుకోలేదు. ఇక చెప్పకుండా బతకలేననుకున్నాడు.

తొట్టెల రోజు వచ్చింది. పిల్లను మొదటిసారి తొట్టెలో వేసే పండగ. గల్లీ ఆడవాళ్లంతా వచ్చారు. నీళ్లు పోసిన మనిషి చేతనే బిడ్డను తొట్టెలో వేయించడం వాళ్లింటి ఆనవాయితీ. ఈసారి గంగక్క తన ఆడబిడ్డను ముందుకు పిలిచింది.

"ఆగుండ్రి!" అన్నాడు గణపతి. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "భీమక్క కండ్లకు ఏ పాపం తెల్వదు. పూసల చెట్టును సంపింది నేను. గడ్డిమందు కొట్టిన పంపు సక్కగ కడగకుంట ఏపనూనె కొట్టిన. నా వల్లనే పోయింది."

సాంబన్న పకపకా నవ్వాడు.

"ఏంది బావా! పంపు కడగరానోడు కిరాణా కొట్టు పెట్టుకోవాలె అన్నది ఎవలు? నువ్వు కడగకుంట కొడితివా? జెప్పుతే జర నమ్మేటట్టు జెప్పాలె."

అందరూ నవ్వారు. మధులత మాత్రం నవ్వలేదు. "నీది పెద్ద మనసు కాకా. ముసలామె మీద జాలి పడి నీ మీద ఏసుకుంటున్నవు. గట్ల వద్దు" అంది.

ఇదేం ఖర్మ! ముసలిదాని మీద నింద వేస్తే ఒక్క మాటకే నమ్మారు. నిజం నెత్తిన పెట్టుకుని వస్తే జాలిగుండె అంటున్నారు. ఇన్నేళ్లు కష్టపడి సంపాదించిన మంచిపేరే ఇప్పుడు అతని నోరు నొక్కేసింది. గణపతికి కోపం నషాళానికెక్కింది, ఊరి మీద కాదు, తన మీద. విసవిసా కొట్టంలోకి పోయి పంపు పట్టుకొచ్చాడు. వేపనూనె కొట్టిన నాటి నుంచి దాన్ని తాకింది లేదు. అందరూ చూస్తుండగా దాంట్లో ఉత్త మంచినీళ్లు పోసి, భుజానికెత్తుకుని, పెరట్లో గంగక్క ప్రాణంలా పెంచుకున్న చిక్కుడు పందిరి మీద ఈ కొస నుంచి ఆ కొసదాకా కొట్టేశాడు.

"అయ్యో, పూతకొచ్చిన సిక్కుడు! నీ పాడుగాను, పిచ్చి లేసిందా ఏమయ్యా?" అని గంగక్క నెత్తి బాదుకుంది.

"నీళ్లే కదా కొట్టిన. మీ కండ్ల ముంగటనే కొట్టిన" అన్నాడు గణపతి రొప్పుతూ. "ఎవల దిష్టి తగుల్తదో సూడుండ్రి."

పిల్లను ఆడబిడ్డే తొట్టెలో వేసింది. పాటలు పాడారు, తిన్నారు, గణపతికి వయసు మీద పడిందని గుసగుసలాడుకుంటూ వెళ్లిపోయారు. కానీ చిక్కుడు తీగ ఎవరి మొహమాటమూ చూడలేదు. రెండో మూడో పొద్దుకే చిగుళ్లు మెలితిరిగాయి. ఆకులు దొప్పలు కట్టాయి. పూత రాలింది. గల్లీ మళ్లీ పెరట్లోకి వచ్చింది. సాంబన్న చూసి, తల దించుకుని వెళ్లిపోయాడు. తలెత్తి చీవాట్లు పెట్టి ఉంటే గణపతికి కాస్త తేలికయ్యేది.

మధులత మాత్రం పందిరి కింద చాలాసేపు నిలబడింది.

"నీకు ఎన్నడు ఎరుకైంది కాకా?"

"నువ్వు పిలిచిన నాడే. చూడంగనే."

"మరి నల్లరాయి అన్నవు."

"అన్న."

"నేను తెల్వక అన్న కాకా" అంది మధులత. ఆమె గొంతులో కోపం లేదు, అది ఉన్నా బాగుండేది. "నువ్వు తెలిసి అన్నవు."

ఆమె చిక్కుడు ఫొటో తీసి, జరిగిందంతా రాసి స్టేటస్ పెట్టింది. పూసల చెట్టు చచ్చిన ఫొటో ఊరంతా చూసింది. దీన్ని చూసినవాళ్లు తక్కువ. చూసినవాళ్లు కూడా బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నారు. ఆమె ఆ సాయంత్రమే భీమక్క ఇంటికి వెళ్లి కాళ్లు పట్టుకుని వచ్చిందని గణపతికి తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున్నే గణపతి కూడా బయల్దేరాడు. ఉమారాణి బిడ్డనెత్తుకుని వెంట నడిచింది. గంగక్కే నూనె గిన్నె, శనగపిండి ఒక సంచిలో పెట్టి ఇచ్చింది. భీమక్క ఇల్లు ఊరి చివర, ఏటి వైపు. బిడ్డను చూడగానే ఆమె ముఖం మీదికి కొంగు లాక్కుంది.

"అక్కా, తప్పు నాది. తెలిసి తెలిసి నీ మీద పడనిచ్చిన. నన్ను తిట్టు, కొట్టు, గని పిల్లకు నీళ్లు పొయ్య రా" అన్నాడు గణపతి.

"మధులత వచ్చి అంత చెప్పింది తమ్మీ. సంతోషం. చెట్టు సంగతి నమ్మిన."

"మరి ఇగ ఏంది?"

కొంగు చాటు నుంచే మాట్లాడింది భీమక్క. "గిన్ని రోజులు ఇంట్ల ఒక్కదాన్నే కూసొని ఏం జేసిన అనుకున్నవు? నేను పోసిన పిల్లలను ఒక్కొక్కరిని యాది జేసుకున్న. రాజుబాయి కొడుకు ఏం సక్కగున్నడో అన్న, తెల్లారి జరమొచ్చింది. యాదక్క మనవరాలు బొద్దుగున్నదన్న, పాలు తాగుడు బంద్ జేసింది. అప్పుడు అనుమానం రాలే. ఇప్పుడు అన్నీ వస్తున్నయి."

"పిల్లలన్నంక జరాలు రావా అక్కా!"

"నాకు గూడ ఒకడు పుట్టిండు తమ్మీ. నీకు ఎరుక లేదు. జింగనూర్ల, మా అత్తగారింట్ల. మస్తు ముద్దుగుంటుండె. పని గూడ ఇడిసిపెట్టి పొద్దంత వాని మొకమే సూసుకుంట కూసుందును. మా అత్త తిట్టేది, గట్ల సూడకే అని. నెల తిరగకముందే పోయిండు. ఇన్నేండ్లు దేవుడు కొండవోయిండు అనుకొని బతికిన." ఆమె కొంగును ఇంకా కిందికి లాక్కుంది. "ఇప్పుడు నా కండ్లే తిన్నయేమో అనిపిస్తంది."

గణపతి ఉన్నచోటే చతికిలబడ్డాడు. చెట్టు సంగతి తేల్చడానికి చిక్కుడు పందిరి ఉంది. ఆ పసివాడు ఎందుకు పోయాడో ఈమెకు ఏ పందిరి చూపించి చెబుతాడు? అబద్ధం ఒక్క మాటే ఆడాడు. అది ఇంత దూరం, ఆమె కడుపులోకి, ఎన్నడో పోయిన బిడ్డ దాకా తవ్వుకుంటూ పోయింది. "గట్ల అనకు అక్కా, నీ కాళ్లు మొక్కుత" అన్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

బిడ్డ కూడా ఏడుపందుకుంది. ఉమారాణి ఇక ఆగలేదు. వెళ్లి భీమక్క ఒళ్లో బిడ్డను పడుకోబెట్టి, పక్కనే చతికిలబడింది. "అవ్వా, నువ్వు పొయ్యకపోతే మేం గీడికెల్లి కదలం. అమ్మకు చాతనైతలేదు. దాని చెవుల నీళ్లు పోయి రోజంత ఏడుస్తంది."

భీమక్క చేతులు గాల్లో ఆగిపోయాయి. తర్వాత మెల్లగా బిడ్డ వీపు కిందికి చేరాయి.

"పొయ్యి ముట్టియ్యి బిడ్డా. నీళ్లు గోరువెచ్చగ కావాలె."

నీళ్లు కాగాక భీమక్క పీటేసుకుని కూర్చుంది. కాళ్లు చాపి, కొంగు ముఖం మీంచి తీసి నడుముకు చెక్కుకుంది. బిడ్డను అందుకునే ముందు రెండు కళ్లూ గట్టిగా మూసుకుంది. మూసుకున్న కళ్లతోనే బిడ్డను కాళ్ల మీద సర్దుకుని, నూనె పట్టించి, చంకల్లో, మెడ మడతల్లో, వేళ్ల సందుల్లో నలిచింది. చేతులకు అన్నీ తెలుసు. ఎక్కడా తడబడలేదు. గణపతి చెంబుతో నీళ్లు ముంచి, ఆమె చెప్పిన చోట, చెప్పినంత సన్నగా పోస్తున్నాడు. బిడ్డ ఏడుపు ఆపింది.

"అవ్వా, అది నీ దిక్కే చూస్తంది. ఒక్కసారి కండ్లు తెరువే" అంది ఉమారాణి.

"నువ్వు చూసి చెప్పు బిడ్డా" అంది భీమక్క. "ఎట్లున్నది?"

గణపతే చెప్పాడు. "మంచిగున్నది అక్కా."

"మంచిది" అని భీమక్క, కళ్లు తెరవకుండానే, బిడ్డ కళ్లలో నీళ్లు పడకుండా నుదుటికి అరచేయి అడ్డం పెట్టింది. "నీళ్లు పొయ్యి తమ్మీ, సల్లారుతున్నయి."

గణపతి పోశాడు.